తోటలో మా అత్త పత్తిమడి

మొన్న పంగుని నెలలో, అంటే ఉగాది రోజుల్లో, ఒక ఆదివారం మధ్యాహ్నం, భోజనం చేసి కాస్త నడుం వాలుద్దామనుకుంటున్న వేళ, మా తమ్ముడి కూతురు తన ఫోను తెచ్చి నా ఒళ్ళో పెట్టి, చూడమంది. మా తోట వార్షికోత్సవం అందులో కనబడుతోంది. మా తోట అని అలవాటుకొద్దీ అన్నాను గాని, అది నాదీ కాదు, మా వాళ్ళెవరిదీ కాదు. కోవిల్‌పట్టికీ విరుదునగర్‌కీ నడుమ, రైలు పట్టాలకు అవతల, నల్లరేగడి నేలలో అందరికోసం పెంచిన వృక్షోద్యానం. నా ఉద్యోగజీవితమంతా అక్కడే గడిచింది కాబట్టి అలా నోటికి వస్తుంది, అంతే. ఇప్పుడు దాన్ని చూసుకుంటున్న కుర్ర అధికారి వేదిక మీద నిలబడి, ఈ యేడు ఏయే మొక్కల్ని కాపాడారో, ఏయే బడుల పిల్లలు వచ్చి నేర్చుకు వెళ్ళారో, చుట్టుపట్ల ఊళ్ళవాళ్ళు ఎలా చేయి కలిపారో చక్కటి తమిళంలో చెబుతున్నాడు. ఆయన వెనక తెర మీద బొమ్మలు మారుతున్నాయి. వాటిలో ఒకటి పత్తిమడి. చిన్న చిన్న కాయలు, ఎర్రటి మచ్చతో పసుపుపచ్చని పూలు. కళ్ళు మూసి తెరిచేలోగా ఆ బొమ్మ పోయి మరొకటి వచ్చేసింది.

ఆ పిల్లను వెనక్కి జరపమని అడిగి, మళ్ళీ చూశాను. మళ్ళీ మళ్ళీ చూస్తుంటే ఆ పిల్ల నవ్వి, ఏముంది అత్తా అందులో, పత్తేగా అంది. పత్తే. కాని దాని వెనక మా నాయన, ఆయన అక్క, వాళ్ళిద్దరి మధ్య పదేళ్ళకు పైగా పేరుకున్న మౌనం ఉన్నాయి. అవన్నీ ఆ పిల్లకు చెప్పబోతే ఫోను మోగి లేచి వెళ్ళింది. అందుకని, నా ఈడు వాళ్ళకు, వినే ఓపిక ఉన్నవాళ్ళకు, ఇక్కడ చెబుతున్నాను.

విరుదునగర్ కాలేజీలో వృక్షశాస్త్రం చదివి బయటపడిన యేడే నాకు ఆ తోటలో ఉద్యోగం దొరికింది. బడిపిల్లలు వస్తే వాళ్ళను వెంటబెట్టుకుని తిప్పి, చెట్లను గురించి చెప్పడం నా పని. మా అమ్మకు ఆ ఉద్యోగాన్ని చుట్టాలకు వివరించి చెప్పడం పెద్ద చిక్కయింది. టీచరమ్మా అంటే కాదు, ఆఫీసా అంటే కాదు. మా పెదనాన్న ఒకాయన పెళ్ళిపందిట్లో పదిమందీ వినేలా, అయితే చెట్లకు పాఠం చెబుతుందన్నమాట అని తేల్చేశాడు. చాలాకాలం మా బంధువర్గంలో నా ఉద్యోగం పేరు అదే.

అప్పటికి ఆ తోట ఏమంత చూడదగినది కాదు. అడవిశాఖలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన దాని బాధ్యత తలకెత్తుకున్నారు. తమిళం తప్ప మరో మాట రాదు. మనిషి సన్నగా, ఎండకు ఎండి, మాటలో మాత్రం చల్లగా ఉండేవారు. నేల ఇచ్చింది విరుదునగర్ వర్తకులు. మిరపకాయలు, నూనె, పప్పుధాన్యాల వ్యాపారంలో పెరిగిన ఊరది; అక్కడి పెద్దలకు ఒక మంచిపని చేయాలని మనసు పుడితే చేతికి ఎముక ఉండదు, కాని చేసిన పని ఏమైందో యేటేటా వచ్చి కళ్ళతో చూసి పోతారు. అలా చూడటానికి వచ్చే రోజునే మేము వార్షికోత్సవం అనేవాళ్ళం. మొదటి యేడు పెద్దాయన ఉత్సాహంకొద్దీ వత్రాప్ వైపు కొండవాలుల నుంచి ఎన్నో రకాల మొక్కలు లారీలో తెప్పించి నాటారు. నీడచెట్లు, పూలచెట్లు, మంచి వాసన వేసే తీగెలు. చిత్తిరైమాసం ఎండలకు నల్లరేగడి నేల అరచేయి పట్టేంత వెడల్పున పగుళ్ళు విచ్చింది. కొండనీడలో పుట్టిన ఆ మొక్కలు పాపం, వేళ్ళు తెగి, ఒకదాని వెనక ఒకటి నిలువునా ఎండిపోయాయి. రెండో యేడూ ఇంచుమించు అంతే.

రెండో వార్షికోత్సవం నాడు వర్తకులలో పెద్ద తలకాయ అయిన ఒక ముసలాయన ఎండిన కొమ్మల మధ్య గొడుగు వేసుకుని తిరిగి, ఏమీ కోపగించుకోకుండానే, వచ్చే యేడు కూడా ఇలాగే ఉంటే ఈ నేలలో మిరపకాయల గిడ్డంగులు కట్టుకుంటాం, కనీసం నీడైనా దక్కుతుంది అని చెప్పి వెళ్ళిపోయారు. కోపంతో అని ఉంటే మాకు అంత భయం వేసేది కాదు.

కొన్నాళ్ళకు పెద్దాయన పొద్దున్నే నన్ను పిలిచి, మనం ఈ నేలను అడగకుండా దానిమీద మన ఇష్టం రుద్దాము, ఇక ఈ కరిసల్ నేలలో పుట్టిపెరిగిన వాటినే పెంచుదాం అన్నారు. నల్లరేగడిని మా వైపు కరిసల్ అంటారు. సజ్జ, వరిగ, ఉలవ, తుమ్మ, నేలవేము, కలబంద, ఇలా ఆలోచించుకుంటూ పోతూ, అన్నిటికంటే ముందు పాతపత్తి ఉండాలని పట్టుబట్టారు. ఈ ప్రాంతానికి బట్టా బతుకూ రెండూ ఇచ్చింది అదే కదా అని ఆయన వాదన. పరిశోధనశాలల్లో దొరకవచ్చునేమో గాని ఆయనకు అది వద్దు. ఒక రైతు ఇంట తరతరాలుగా చేతులు మారి వచ్చిన విత్తనం కావాలి, ఆ ఇచ్చిన మనిషి కూడా తోటలోకి రావాలి అన్నారు. మేము ఊరూరా తిరిగాము. ఎక్కడ అడిగినా ఒకటే మాట: అది మా తాత కాలంతో సరి, ఇప్పుడంతా కంపెనీ విత్తనం. అలా తిరిగినన్నాళ్ళూ నా గుండెలో ఒక మాట గుచ్చుకుంటూనే ఉంది. ఆ పత్తి ఎక్కడుందో నాకు తెలుసు.

కడంబూరు దగ్గరి పల్లెలో మా మేనత్త ఇంటి వెనక ఉంది.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్ళాలి. మాది కోవిల్‌పట్టికి కూతవేటు దూరంలో ఒక మెరక పల్లె. తాతలనాడు ఎప్పుడో ఉత్తరాన్నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కాపుకుటుంబాలు మావి. గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం. ఆంధ్ర నుంచి వచ్చినవాళ్ళు మా మాట విని, ఇదెక్కడి తెలుగమ్మా, మా ముత్తవ్వ మాట్లాడినట్టుంది అని నవ్వేవాళ్ళు. మా ఇంట్లో పత్తిగింజలు దాచే బాధ్యత మా అవ్వది. పంట తీసేటప్పుడు మంచి చెట్ల కాయలను వేరుగా కోసి, గింజ తీసి, బూడిద కలిపి, కుండలో పోసి, మూతికి మట్టి మెత్తి అటక మీద పెట్టేది. ఆ పత్తికి మా ఇంట్లో వేరే పేరు లేదు, మనపత్తి అనేవాళ్ళం. పోయేముందు అవ్వ మా అత్తను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ కుండలో గింజ సగం నీకు, సగం తమ్ముడికి అని చెప్పిందట. మా నాయనకు ఆ సంగతి తెలియదు. తెలియదని ఆయన అంటారు, తెలుసని మా అత్త అనేది. అవ్వ పోయిన యేడే మా ఊళ్ళోకి కొత్త విత్తనం వచ్చింది. నాయన అటక మీదున్న పత్తినంతా బండికెత్తి విరుదునగర్ మిల్లుకు తోలినప్పుడు, కుండలోని గింజ కూడా దానితోపాటే పోయింది.

కర్మకాండలు ముగిశాక గింజ కోసం వచ్చిన అత్తకు ఖాళీకుండ కనబడింది. అప్పటికి నేను గౌను తొడుక్కునే పిల్లను. పాతగింజతో ఏం పని అక్కా, కొత్తది రెండింతలు కాస్తుంది అని నాయన తేలిగ్గా అనడం నాకు గుర్తుంది. అత్త ఏడవలేదు, అరవలేదు. అటక మీదికి ఎక్కి, మూలల్లో చీకట్లో చేతులతో తడిమి, రాలిపడిన గింజలు కొంగులో మూట కట్టుకుని దిగివచ్చింది. అమ్మ చెయ్యి పెట్టిన గింజను అమ్ముకున్న ఇంటి గడప ఇక తొక్కను అని చెప్పి, అన్నం కూడా తినకుండా రైలుకు వెళ్ళిపోయింది. అన్న మాట తప్పే మనిషి కాదు. మా ఇంట్లో జరిగిన ఏ శుభానికీ ఆమె రాలేదు. నాయన కూడా పిలవడానికి వెళ్ళలేదు. అమ్మ మాత్రం ఎవరిచేతనైనా కబురు పంపుతూ ఉండేది. ఆ కబుర్ల మూలంగానే, అత్త ఇంటి వెనక ఆ గింజ మొలిచిందనీ, యేటేటా కొన్ని సాళ్ళు వేస్తుందనీ, ఆ దూదితో దీపపు వత్తులు చేసుకుంటుందనీ మాకు తెలుసు. అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. ఇళ్ళల్లో అలాంటి సంగతులు ఒకటో రెండో ఉంటాయి కదా.

ఆవణి నెలలో, మా వైపు వానలు మొదలయ్యేముందే, ఇంట్లో చెప్పకుండా కోవిల్‌పట్టిలో ప్యాసింజరు ఎక్కి కడంబూరులో దిగాను. స్టేషను నుంచి పల్లెకు నడిచేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. అత్త వాకిట్లో మినుములు చెరుగుతోంది. నన్ను చూసి చేట ఆపింది గాని లేవలేదు.

"ఎవురు పంపిరి నిన్ను? మీ నాయనా?"

"లేదత్తా. నాయనకి తెలవదు. తోట్టం పని మీద వస్తిని."

"సరి, కూసో ముందు. ఎండలో వచ్చిన పిల్లకి నీళ్ళియ్యకుండా నాయం మాటాడేది మనింట్లో లేదు."

చెంబెడు నీళ్ళు ఇచ్చింది. సజ్జ అంబలి పోసి, నూనెలో వేయించిన చల్లమిరపకాయలు పక్కన పెట్టింది. నేను తింటూ తోట సంగతి, ఎండిన మొక్కల సంగతి, గిడ్డంగుల సంగతి అన్నీ చెప్పాను. ఆమె వింటున్నదో లేదో తెలియలేదు. చెరగడం మళ్ళీ మొదలుపెట్టి, రాళ్ళు ఏరి పక్కన పెడుతూ ఉంది. నేను చెప్పడం ముగిశాక లేచి, నన్ను పెరట్లోకి తీసుకువెళ్ళి, మూసిన కుండ చూపించింది. అచ్చం అవ్వ మెత్తినట్టే మట్టి మెత్తిన మూతి. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గాని ఆమె అది చూడనట్టే ఊరుకుంది.

"చేతికిచ్చేది లేదు. ఒగసారి చేతిలో పెడితే ఏమాయనో సూస్తిమి. నేనే వచ్చి మట్టిలో ఏస్తా. ఇంగొకటి. ఆ మడి మీ నాయనే దున్నాల. ట్రాక్టరు వద్దు, కూలిమనిసి వద్దు. వాడే వచ్చి నాగలి పట్టాల."

"నాయన రాకపోతే అత్తా?"

"రాకుంటే మీ తోట్టంలో గులాబి ఏసుకోండి."

తిరుగు రైల్లో నేను ఆలోచించిందల్లా ఈ మాట నాయనకు ఎలా చెప్పాలనే. ఆయన చెడ్డమనిషి కాదు. కొత్త విత్తనం మొదటి కొన్నేళ్ళూ బాగా కాసింది, తరువాత పురుగు పట్టింది, మందులు చల్లి చల్లి ఆయన చేతులు పొక్కాయి. చేసింది తప్పేమోనన్న అనుమానం ఆయనకు ఎప్పుడో కలిగి ఉంటుంది. కాని అక్క ముందు తల వంచడానికి ఆయనకు దారి దొరకలేదు, వెతకనూ లేదు. సాయంత్రం ఎద్దులకు మేత వేస్తుండగా వెళ్ళి, ఒక్క ఊపులో అంతా చెప్పేశాను. మేత వేస్తున్న చేయి ఆగిపోయింది.

"ఆమె ఇంకా ఆ గింజ పెట్టుకోనుండాదా?"

అంతే అడిగారు. అవునన్నాను. ఆయన ఎద్దు గంగడోలు నిమిరి, లోపలికి వచ్చి అన్నం తిన్నారు. ఆ తరువాత ఎన్నాళ్ళైనా ఆ ఊసే లేదు. నేను రోజూ తోటకు వెళ్ళి, పెద్దాయన ఆశగా చూస్తే తల అడ్డంగా ఊపేదాన్ని. పురట్టాసి వచ్చింది. తొలకరి పడింది. ఆ రాత్రి భోజనాల దగ్గర అమ్మ, ఎవరినీ చూడకుండా, గరిటె కడుగుతూ అంది: "పొయ్యేదానికి దోవ ఆమే సూపించె. పొయ్యేది, పోనిది మీ ఇష్టం." మా అమ్మ నాయనతో అంతకంటే గట్టిగా మాట్లాడగా నేను వినలేదు.

నేల పదునుకు వచ్చిన రోజు అత్తకు కబురు పంపాము. ఆమె తెల్లవారి వచ్చే రైలుకు వచ్చింది. గింజలను ముందురోజే పేడనీళ్ళలో కలిపి రుద్ది, నీడన ఆరబెట్టి, గుడ్డలో కట్టి ఒడిలో పెట్టుకుని తెచ్చింది. ఇంకో మూటలో ధనియాలు. పత్తి పక్కన అవి లేకుండా మావాళ్ళు వేయరు. మడి గట్టు మీద కూర్చుని రోడ్డు వైపు చూడకుండా, రైలుపట్టాల వైపు చూస్తూ ఉంది. పెద్దాయన ఆమెకు నమస్కారం పెట్టి, దూరంగా వెళ్ళి నిలబడ్డారు. సంగతేమిటో ఆయనకు నేను పూర్తిగా చెప్పలేదు గాని, వయసు వచ్చినవాళ్ళు కొన్ని చెప్పకుండానే గ్రహిస్తారు.

ఎండ ఎక్కుతుండగా బండి చప్పుడు వినబడింది. నాయన ఉతికిన పంచె కట్టుకుని, బండిలో నాగలి వేసుకుని వచ్చారు. పొలం పనికి ఉతికిన పంచె కట్టడం ఆయనకు అలవాటు లేదు. ఎద్దులను విప్పి, కాడి కట్టి, నాగలి దించి, అక్క వైపు చూడకుండా మొదటి సాలు పట్టారు. ఆమె లేచి, కొంగు బిగించి, సాలులోకి దిగి, గింజలు జారవిడుస్తూ వెనకే నడిచింది. ముందు ఆయన, వెనక ఆమె. ఎద్దుల గిట్టల చప్పుడు, తడినేల విచ్చుకునే వాసన. నేను గట్టు మీద నిలబడి చూస్తున్నాను. అలా కొన్ని సాళ్ళు సాగాయి. ఒక మలుపులో ఎద్దులు తిరగడానికి నాయన నాగలి ఎత్తి పట్టుకుని, తల తిప్పకుండానే అడిగారు.

"అక్కా. సాలు లోతు చాలునా?"

అత్త నిలబడిపోయింది. గింజలున్న గుప్పిట అలాగే బిగిసి ఉంది.

"అమ్మ నేర్పింది నీకే కదరా. నన్నడిగేదేంది?" అని, ఒక అడుగు వేసి, "కొంచెం పైకి పట్టు," అంది.

నాయన నాగలి కొంచెం పైకి పట్టారు. అంతే జరిగింది. క్షమాపణలు, కౌగిలింతలు ఏమీ లేవు; మా ఇళ్ళల్లో అలాంటివి తెలియవు. మడి దున్నడం అయ్యాక అమ్మ కట్టి పంపిన అన్నం వేపచెట్టు కింద ముగ్గురం తిన్నాము. నాయన తన వంతు మామిడి ఊరగాయ తీసి అక్క ఆకులో వేశారు. ఆమె వద్దనలేదు.

ఇక్కడితో అంతా చక్కబడి, వాన కురిసి, పత్తి విరగకాసిందని రాస్తే చదవడానికి బాగుంటుంది గాని, అలా జరగలేదు. ఆ వచ్చే ఐప్పసి నెలలో ఒక వాన పడి, ఆ తరువాత మబ్బులు మొహం చాటేశాయి. మోకాలెత్తు మొక్కలు మధ్యాహ్నానికి తలలు వాల్చేవి. వార్షికోత్సవం తలచుకుని పెద్దాయనకు నిద్ర పట్టేది కాదు. తోట బావిలో అడుగున కాసిని నీళ్ళున్నాయి, బిందెలతో పోద్దామా అని అత్తను అడగమన్నారు. నేను కడంబూరు వెళ్ళి అడిగితే, ఆమె ఒక్క మాటతో తోసిపుచ్చింది: "సచ్చేది సావనీ. నిలిచేదే విత్తనం." ఆ మాట పెద్దాయనకు చెప్పినప్పుడు ఆయన చాలాసేపు మడి గట్టు మీద తిరిగి, చివరికి సరే అన్నారు. ఆ సరే అనడానికి ఆయనకు ఎంత గుండెధైర్యం కావలసి వచ్చిందో ఇప్పుడు, ఆయన వయసు నాకూ వచ్చాక, తెలుస్తోంది. గిడ్డంగుల మాట ఆయన తల మీద కత్తిలా వేలాడుతోంది. అయినా బిందె ఎత్తనివ్వలేదు. మడిలో సగం ఎండిపోయింది. మిగిలిన సగం పొట్టిగా, గిడసగా, మొండిగా నిలబడింది.

ఆ మిగిలినవాటినే నేను బడిపిల్లలకు పంచాను. అంటే, కోవిల్‌పట్టి నుంచీ విరుదునగర్ నుంచీ వచ్చే ఒక్కొక్క బడికి ఒక్కొక్క సాలు అప్పగించి, మొగ్గ, పువ్వు, కాయ ఎలా మారుతున్నాయో వచ్చినప్పుడల్లా చూసి బొమ్మ గీయమనేదాన్ని. దూదిలో గింజ ఉంటుందని విరుదునగర్ పిల్లలు చాలామందికి తెలియదు. తయి నెల, అంటే సంక్రాంతి నెల పోయి కాయలు పగలడం మొదలయ్యాక అత్త వారానికొకసారి వచ్చి, వేపచెట్టు కింద కూర్చుని, గింజ నుంచి దూది ఎలా వలవాలో వాళ్ళకు చూపించేది. సరిగా వలవని పిల్లల చెవి మెలిపెట్టేది కూడా. అయినా వాళ్ళకు ఆమె అంటే ప్రాణం. పరుత్తి పాట్టి అని పిలిచేవాళ్ళు, అంటే పత్తి అవ్వ అని. ఆ పిలుపు విన్నప్పుడు ఆమె మొహం చూడాలి. పిల్లలు లేని మనిషి.

పంగునిలో వర్తకులు వచ్చారు. పెద్దాయన దాపరికం లేకుండా సగం పంట పోయిందని మొదటే చెప్పేశారు. గొడుగు ముసలాయన మడి దగ్గరకు వచ్చి, వంగి, ఒక కాయ తెంపి, దూది లాగి, గింజ తీసి, మిగిలిన దూదిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మెలితిప్పడం మొదలుపెట్టారు. సన్నటి దారం సాగింది. తెగలేదు. ఆయన అలా మెలితిప్పుతూనే తమిళంలో ఎవరితోనో కాదు, తనలో తానే చెప్పుకున్నట్టు, మిరపకాయల వ్యాపారానికి రాకముందు తన తండ్రి పత్తి బేరాలు కుదిర్చే తరగరనీ, కోవిల్‌పట్టి వైపు నుంచి బళ్ళు వస్తే ఈ నూలు చూసి ఊరి పేరు చెప్పేవారనీ, ఈ స్పర్శ చేతికి తగిలి ఎన్నేళ్ళయిందో అనీ అన్నారు. ఆయన ఆ దారాన్ని చొక్కాజేబులో వేసుకుని, గొడుగు తెరుస్తూ, సరే, ఇంకో యేడు చూద్దాం అన్నారు.

ఆ తోటకు అంతకుమించిన వరం ఎవరూ ఇవ్వలేదు. మరుసటి యేడూ అదే మాట, ఆ మరుసటి యేడూ అదే. ఆయన పోయాక ఆయన కొడుకులు అదే మాట అన్నారు. తోట ఒక్కసారిగా నిలబడలేదు. ఇంకో యేడు, ఇంకో యేడు అనుకుంటూ నిలబడింది. సజ్జలు వచ్చాయి, కొర్రలు వచ్చాయి, మందుమొక్కలు వచ్చాయి. చుట్టుపట్ల పల్లెల ఆడవాళ్ళు తమ ఇళ్ళల్లో దాచుకున్న గింజలు తెచ్చి, తమ చేతులతోనే విత్తి పోవడం ఒక ఆనవాయితీ అయింది. దానికి దారి వేసింది అత్త పెట్టిన షరతే.

ఆమె మాత్రం మా ఇంటి గడప తొక్కలేదు. అన్న మాట అన్న మాటే. కాని యేటా పురట్టాసిలో విత్తే రోజుకు తప్పకుండా తోటకు వచ్చేది. నాయన బండి తోలుకుని వచ్చేవారు. రెండో యేడు ఆయన బండిలో నాగలితోపాటు ఒక కాగితపు పొట్లం కూడా ఉంది. విత్తడం అయ్యాక, పసుపు కుంకుమలతో ఆ పొట్లం అక్క చేతిలో పెట్టారు. చీర. ఆడపడుచుకు పుట్టింటివాళ్ళు పెట్టే చీర. పుట్టింట్లో పెట్టవలసింది పత్తిమడి గట్టు మీద పెట్టారు. అత్త దాన్ని కళ్ళకద్దుకుని, రంగు బాగలేదని ఒక మాట అంది. ఆ రంగు బాగలేదనడంలో ఎంత సంతోషముందో మా నాయన మొహంలో కనబడింది. అప్పటినుంచి ప్రతియేడూ చీర, ప్రతియేడూ రంగు బాగలేదు. ఆయన మోకాళ్ళు అరిగి నాగలి పట్టలేకపోయిన యేడు కూడా వచ్చి, గట్టు మీద కుర్చీలో కూర్చుని, దున్నేవాడికి లోతు గురించి కేకలు వేశారు. అత్త పోయిన యేడు నాయన ఆ మడి దున్ననివ్వలేదు. మరుసటి యేడు ఆమె కుండలోని గింజతోనే మళ్ళీ వేశాము. నాయన ఆ పంట చూశారు, ఆ పై పంట చూడలేదు.

ఇప్పుడు తోటలో చల్లటి గది కట్టి, గాజుసీసాల్లో విత్తనాలు దాస్తున్నారు. మంచిదే. మట్టికుండ పగిలితే పోతుంది, అటక ఖాళీ చేస్తే పోతుంది. ఆ గదిలోంచి పోవు. అడిగినవాళ్ళకు పోస్టులో పొట్లాలు పంపుతున్నారు. మొక్కకొక పలక పెట్టి, దానికి ఫోను చూపిస్తే మొక్క చరిత్రంతా వినిపించేట్టు చేశారు. ఆ మధ్య వెళ్ళినప్పుడు పత్తిమడి దగ్గర నేనూ ఫోను పెట్టి విన్నాను. ఒక ఆడపిల్ల గొంతు తమిళంలో, ఆ పిమ్మట ఇంగ్లీషులో, ఈ పత్తి ఎంత కరవును తట్టుకుంటుందో, దాని నూలు ఎంత గట్టిదో చక్కగా చెప్పింది. ఒక్క తప్పు లేదు. మా కాలంలో మాకు అంత తెలియదు కూడా.

తప్పు పట్టాలని కాదు. నాకు ఒక్కటే అనిపిస్తుంది. ఒక గింజ పోయిందని మా అత్త పోయేదాకా పుట్టింటి గడప తొక్కలేదు. ఆ రోజుల్లో అది మూర్ఖత్వమని ఊరంతా అనుకుంది, నేనూ అనుకున్నాను. ఇవాళ మా ఊళ్ళో నేను ఎరిగిన పొలాలు చాలావాటిలో కరెంటు కోసం ఎండను పట్టే అద్దాల పలకలు పరిచారు, వాటి కింద నేల పగుళ్ళు విచ్చినా చూసేవాళ్ళు లేరు. మా తమ్ముడి కూతురు నాతో తమిళంలో మాట్లాడి, నడుమ నడుమ నన్ను సంతోషపెట్టడానికి రెండు తెలుగు మాటలు కలుపుతుంది. వరిగ పేరు తెలిసినవాళ్ళు తగ్గారు. ఏది పోయినా, పాపం పోయింది అని అందరం ఒక మాట అనుకుని, పక్కకు జరిగి కూర్చుంటున్నాము. దానికోసం ఎవరూ ఎవరి మీదా అలగడం లేదు. ఎవరూ అన్నం మాని రైలెక్కి వెళ్ళిపోవడం లేదు. నాకూ కోపం రావడం లేదు. వస్తే బాగుండునని, ఈ వయసులో, ఒక్కొక్కసారి అనిపిస్తుంది.